అరుగులా, రాకెట్ ఒకటేనా? పూతకొచ్చిన మొక్క తీసెయ్యాలా?

పటమట, విజయవాడ:
మిద్దె మీద రెండు కుండీల్లో సలాడ్ ఆకు వేశాను. ఒక ప్యాకెట్ మీద అరుగులా అని, రెండోదాని మీద వైల్డ్ రాకెట్ అని ఉంది. లండన్‌లో ఉండే మా అమ్మాయి రెండూ ఒకటేనమ్మా అంటోంది. నాకు నమ్మకం కుదరడం లేదు. ఒకటి ముల్లంగి ఆకులా వెడల్పుగా ఉంది. రెండోది సన్నగా చీలికలుగా వచ్చింది, నోట్లో పెడితే మంట. ఈ మార్చి ఎండకి మొదటిది నిలువునా కాడ లేచి పూత పట్టింది, ఆకు చేదెక్కింది. పీకెయ్యనా?

బ్రాడీపేట, గుంటూరు:
ఆగండాగండి, ముందు పువ్వు చూడండి. రెండూ ఆవాల కుటుంబమే కనక నాలుగే రేకులుంటాయి. మీగడ రంగు రేకు మీద ఊదా ఈనెలుంటే ఎరూకా, అంటే అరుగులా. పసుపుపచ్చగా పూస్తే డిప్లొటాక్సిస్, అదే వైల్డ్ రాకెట్. అరుగులా ఒక్క సీజన్‌తో సరి. వైల్డ్ రాకెట్ ఏళ్ల తరబడి బతికే రకం, కోసినకొద్దీ చిగురిస్తుంది. మీ అమ్మాయి మాటా నిజమే. అమెరికావాళ్ల అరుగులానే ఇంగ్లండ్‌లో రాకెట్, ఇటలీలో రుకోలా, ఫ్రాన్స్‌లో రోకెట్. కాకపోతే రాకెట్ అంటూ అక్కడ రెండు జాతులూ అమ్ముతారు, గొడవంతా అదే.

ఆకులోని గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలను మైరోసినేజ్ అనే ఎంజైమ్ విడగొడితేనే ఆ మంట. ఆకు తరిగినా నమిలినా ఆ పని మొదలవుతుంది. ఉడికిస్తే ఎంజైమ్ పనిచెయ్యదు, అందుకే పప్పులో వేస్తే ఘాటు చాలావరకు పోతుంది. నేనైతే సన్నగా తరిగి వడపప్పులో కలిపి నిమ్మకాయ పిండుతాను. ఆలివ్ నూనె మనకెందుకండీ!

మంగళగిరి:
నేను రాజస్థాన్‌లో ఉద్యోగం చేశాను. అక్కడ ఎరూకాని తారామీరా అంటారు. నీళ్లు తక్కువున్న పొలాల్లో చలికాలం పంటగా, గింజల నూనె కోసం వేస్తారు. నూనె తీశాక మిగిలిన చెక్క పశువులకి పెడతారు.

పటమట, విజయవాడ:
చూశానండీ, మీగడ రంగే, ఊదా గీతలున్నాయి. విత్తనం కట్టుకోవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
భేషుగ్గా. ఒక్క మొక్కే ఉంచితే మాత్రం లాభం లేదు, తన పుప్పొడితో తనకి కాయ సరిగా పట్టదు. నాలుగైదు వదిలెయ్యండి, మిగతా పని తేనెటీగలు చూసుకుంటాయి. కాయ ఎండుతుండగానే కొయ్యండి, ఆలస్యమైతే పగిలి గింజ రాలిపోతుంది. మళ్లీ నవంబరులో చల్లుకోండి. ఈలోపు మిగిలిన పూలు కోసి సలాడ్‌లో వేసుకోండి, అవీ తినేవే.