అప్‌డేట్: మాజీ సైనికుడైన నాన్నకు ఎడమ చెవి వినపడకపోవడం – కారణం తెలిసింది

పదాతిదళంలో 17 ఏళ్లు పనిచేసి, రాజోలు దగ్గర మా ఊళ్లో స్థిరపడిన నాన్నకు ఎడమ చెవి మందగించిందని, రాత్రిళ్లు కీచుమని మోత వస్తోందని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. అప్పటికి చెవిలో చుక్కల మందు వేస్తున్నాం. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"చుక్కల మందు ఆపి, ఆడియాలజిస్టుతో (వినికిడి నిపుణులతో) వినికిడి పరీక్ష చేయించండి" అన్న సలహాయే పనిచేసింది. కాకినాడలో చూసినావిడ గతంలో సైనిక ఆసుపత్రిలో పనిచేశారు. శబ్దం చొరబడని గదిలో, పరీక్ష శబ్దం వినిపించినప్పుడల్లా నాన్న మీట నొక్కారు. వినికిడిని చూపే కాగితం మీద గీత 2000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) వరకు బాగానే ఉండి, 4000 దగ్గర గోతిలో పడి, 8000 దగ్గర కాస్త లేచింది. అది చూడగానే ఆవిడ, "కుడిచేత్తో కాల్చేవారా?" అని అడిగారు. తుపాకీని కుడి భుజానికి ఆనిస్తే ఎడమ చెవి గొట్టం మూతి వైపు ఉంటుంది. కుడి చెవికి తలే అడ్డు. తుపాకీ మోతకు లోపలి చెవిలో దెబ్బతిన్న, శబ్దాన్ని పట్టే రోమకణాలు మళ్లీ పుట్టవట.

గులిమి, కాలువలో ఈత, షుగరు ఏవీ కారణం కాదు. చుక్కల మందుతో అన్నాళ్లు గడిపినందుకు బాధగా ఉంది.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ద్వారా వినికిడి యంత్రం వచ్చింది. మోత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నిన్న అరుగు మీద కూర్చుని, కొబ్బరాకుల గలగల వినిపిస్తోందన్నారు నాన్న.