హైవే హోటల్లో బాత్రూమ్ వాడుకుని రెండు టీలతో సరిపెట్టొచ్చా?

హైదరాబాద్–విజయవాడ హైవే మీద హోటల్ నడిపేవాళ్లు, తరచూ తిరిగేవాళ్లు దయచేసి చెప్పండి. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాల దగ్గర టాయిలెట్లున్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకోవడానికి కడ్డీ, జారని నేల కావాలి. అందుకే సూర్యాపేట చుట్టుపక్కల హోటళ్లలో ఆగాల్సి వస్తుంది.

నలుగురు దిగి రెండు టీలు, ఒక ప్లేటు ఇడ్లీ తీసుకుంటే మర్యాదేనా? ముందే కౌంటర్లో టోకెన్ తీసుకోవాలా, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక కొన్నా ఫర్వాలేదా? మధ్యాహ్నం 1 నుంచి 2:30 దాకా భోజనాల రద్దీలో టీకోసం టేబుల్ పట్టుకోవడం మాత్రం తప్పే, బయట నిలబడి తాగడమే న్యాయం.

పసిపాపకు పాలపొడి కలపడానికి అర లీటరు ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్లు అడిగితే విడిగా డబ్బులివ్వాలా? గ్యాస్ ఖర్చు వాళ్లదే కదా. బాత్రూమ్ కడిగేవాళ్ల చేతిలో 20 రూపాయలు పెడితే యజమాని ఏమైనా అనుకుంటారా?