వైజాగ్ నుంచి అరకు సైకిల్ మీద, శని-ఆదివారాలు: నా గేర్లు ఘాట్‌కి సరిపోతాయా?

ఘాట్‌కి_కొత్త
నమస్కారం అండి. డిసెంబరులో ఇద్దరం శనివారం వైజాగ్ నుంచి అరకు వెళ్లి, ఆదివారం తిరిగొద్దామనుకుంటున్నాం. నాది 700x35 టైర్ల హైబ్రిడ్ సైకిల్. ముందు 48/38/28 పళ్ల చక్రాలు, వెనక 14-28 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), రిమ్‌ని రబ్బర్లతో పట్టే వి-బ్రేకులు. మా వాడిది 26 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్), కేబుల్ డిస్క్ బ్రేకులు. చదును రోడ్డు మీద రోజుకు 80 కిలోమీటర్లు తొక్కుతాం. ఘాట్ ఇద్దరికీ కొత్త. తలా ఐదు కిలోల సామాను ఉంటుంది. బండ్లకి ఏం మార్పించాలి?

చైన్‌లింక్
ముందు గేర్ల లెక్క చూడండి. ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. మీ చక్రం చుట్టుకొలత దాదాపు 2.17 మీటర్లు కాబట్టి నిమిషానికి 60 తొక్కితే గంటకు 7.8 కిలోమీటర్లు. సామానుతో ఆ వేగాన్ని గంటల తరబడి నిలపడం కష్టం. తొక్కులు 45కి పడ్డాయంటే బరువంతా మోకాళ్ల మీదకొస్తుంది. 14-34 ఫ్రీవీల్ వేయించండి. అవే 60 తొక్కులకి 6.4 కిలోమీటర్లు చాలు, కాలు తేలిగ్గా తిరుగుతుంది.

కొనేముందు వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదకి జరిపే భాగం) చూసుకోండి. షిమానో టూర్నీ టీవై300 అయితే 34 పళ్ల దాకా తీసుకుంటుంది. చాలామంది మర్చిపోయేది చైన్ పొడవు. డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం మీదుగా చైన్ చుట్టి చూడండి. చివరలు కలిసే చోటు నుంచి ఇంకో అంగుళం మిగలాలి. పొట్టిదైతే, పొరపాటున రెండు పెద్దవాటి మీదకి గేర్ పడినప్పుడు డిరైలర్ ఊడొస్తుంది. పాత చైన్ సాగి ఉంటే అదీ మార్చాలి, లేకపోతే ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కగానే కొత్త పళ్ల మీద జారుతుంది. డిరైలర్ పై పుల్లీ (చిన్న చక్రం) 34 పళ్లదాన్ని రాసుకుంటుంటే, ఆ దూరాన్ని సరిచేసే బి-స్క్రూ కొంచెం బిగించండి. ఇదంతా బయల్దేరే ముందురోజు పెట్టుకోవద్దు, కనీసం రెండు వారాల ముందు చేయించి నడిపి చూడండి.

కొండదారి
వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఎక్కుడంతా రెండో సగంలోనే. 80 అలవాటున్నవాళ్లకి ఒక్కరోజులో ఎక్కువ. సైకిళ్లని లగేజీగా బుక్ చేసి ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా కిరండూల్ పాసింజర్‌లో రండి. పార్సిల్ ఆఫీసుకి గంట ముందే వెళ్లాలి. బండికి పేరు, దిగే స్టేషన్ రాసిన చీటీ కట్టండి. రైలు ఆగేది కొద్దిసేపే, ఆగగానే బ్రేక్‌వ్యాన్ (లగేజీ పెట్టె) దగ్గరుండాలి.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడ, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, ఆపైన అరకు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: గాలికొండ అరకు కంటే ఎత్తు. అంటే ఆదివారం పొద్దున్న కూడా ముందు ఎక్కాలి, ఆ తర్వాతే దిగుడు.

ఎక్కేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన తొక్కొద్దు, ఎవరి ఊపు వాళ్లది. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది, అందుకని టైడ, అనంతగిరి, గాలికొండల్లో ఆగి కలవాలని ముందే అనుకోండి. తలా రెండు 750 మిల్లీలీటర్ల సీసాలు పెట్టుకోండి, ఒకదాంట్లో ఓఆర్ఎస్. పొద్దున్న మంచు దట్టంగా ఉంటుంది, వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగాలి.

రిమ్_రబ్బరు
నాకు భయమంతా దిగుడు గురించే. వి-బ్రేక్ రబ్బర్ల మీద గాడులు అరిగిపోయి ఉంటే మార్చండి. వాటిలో మెరిసే అల్యూమినియం ముక్కలు గుచ్చుకుని ఉంటాయి, పిన్నీసుతో తీసేయండి, లేకపోతే రిమ్‌ని గీరుకుంటూ పోతాయి. రబ్బరు టైరు పక్కకి అస్సలు తగలకూడదు, ఒక్క దిగుడులోనే టైరు కోసేస్తుంది. లివర్ దగ్గర కేబుల్ పోగు ఒక్కటి తెగి ఉన్నా కొత్తది వేయండి.

బ్రేకు అదేపనిగా నొక్కిపట్టి దిగొద్దు. రిమ్ వేడెక్కి ట్యూబు పేలుతుంది. మలుపుకి ముందు తిన్నగా ఉన్నచోటే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేసి మలుపు తిరగండి. మంచుకి రిమ్ తడిసినప్పుడు మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి, అందుకని ఇంకా ముందే పట్టాలి.

కేబుల్ డిస్క్‌ల్లో చాలావాటికి ఒక ప్యాడే కదులుతుంది. అరిగినకొద్దీ కేబుల్ ఒక్కటే బిగిస్తూపోతే బ్రేకు మీద కేబుల్ లాగే చెయ్యి చివరికొచ్చి పట్టు పోతుంది. లోపలివైపు ప్యాడ్‌ని కూడా అలెన్‌కీతో దగ్గరికి తేవాలి. చైన్‌కి ఆయిల్ వేసేటప్పుడు డిస్క్‌ని గుడ్డతో కప్పండి. ప్యాడ్‌కి ఆయిల్ అంటితే అరుపే తప్ప పట్టు ఉండదు.

ఘాట్‌కి_కొత్త
చాలా థాంక్స్ అండి. రైల్లోనే ఎస్.కోట వస్తాం. స్పేర్ ట్యూబులు రెండు చాలా?

చైన్‌లింక్
రెండూ ఒకే సైజు తెస్తే చాలవు. 26 ట్యూబు ఒకటి, 700ది ఒకటి, ప్యాచ్‌లు, పంపు ఉండాలి. మీది సన్న ప్రెస్టా వాల్వ్ అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ కూడా పెట్టుకోండి. పంపు పాడైనా అడాప్టర్ ఉంటే బైకు పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు.