80 మిల్లీఆంపియర్ల దగ్గర గ్లో కాస్తా ఆర్క్ అవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థి):
ప్రాజెక్టు కోసం గాజు గొట్టంలో ఆర్గాన్‌తో గ్లో డిశ్చార్జి (తక్కువ పీడనంలోని వాయువు గుండా కరెంటు పారించి మెత్తగా వెలిగించడం) చేస్తున్నాను. పీడనం కొలిచే పిరానీ గేజి 1 టార్ (పీడనానికి ఒక కొలమానం) చూపిస్తోంది. కాథోడు (రుణ ధ్రువం) 5 సెం.మీ. అల్యూమినియం పళ్లెం. సప్లై 1000 వోల్టులు, వరుసలో 5 కిలోఓమ్‌ల రెసిస్టర్. 80 మిల్లీఆంపియర్లకు రాగానే కాథోడు మీద తెల్లని చుక్కలు ఠప్పున మెరిసి (ఒకే చోట కరెంటు గుమిగూడే ఆర్క్ అన్నమాట) వోల్టేజి కుప్పకూలుతోంది. నాకు 100 దాటాలి.

పాత ల్యాబ్ మనిషి:
బాబూ, ఫిల్టర్ కెపాసిటర్ ఎక్కడ పెట్టావు?

ఎమ్మెస్సీ విద్యార్థి:
గొట్టానికి సమాంతరంగా సార్, 10 మైక్రోఫారడ్‌లది. రిపుల్ (సప్లై వోల్టేజిలోని ఎగుడుదిగుడు) తగ్గుతుందని పెట్టాను.

పాత ల్యాబ్ మనిషి:
దొంగ దొరికాడు. 600 వోల్టుల దగ్గర అందులో 1.8 జౌళ్లు దాగి ఉంటాయి. పళ్లెం మీది ఆక్సైడ్ మచ్చ దగ్గర చిన్న ఆర్క్ పుట్టగానే అదంతా అక్కడే కుమ్మరిస్తుంది; నీ రెసిస్టర్‌కు అడ్డుకునే అవకాశమే లేదు. కెపాసిటర్‌ను రెసిస్టర్‌కు ముందుకు, సప్లై వైపుకు మార్చు. ముట్టుకునే ముందు దానిలోని విద్యుత్తును ఖాళీ చెయ్యి. నేను ఒకసారి మరిచిపోయి, వారం రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాను.

ఇక కూడిక చూడు. 80 దగ్గర రెసిస్టర్ 400 వోల్టులు మింగింది, గొట్టానికి 600 మిగిలాయి. 100 కావాలంటే 500 మాత్రమే మిగులుతాయి. కాథోడు అంతా గ్లో పరుచుకున్నాక కరెంటు పెరగాలంటే వోల్టేజి కూడా పెరగాలి కదా! కాబట్టి సప్లై పెంచు, లేదా పీడనం కాస్త పెంచు, అప్పుడు తక్కువ వోల్టేజికే అంత కరెంటు వస్తుంది. ముందు అరగంట 20 మిల్లీఆంపియర్ల దగ్గర నడిపించు, అయాన్లే పళ్లేన్ని తోముతాయి. 80 దగ్గర గొట్టంలో 48 వాట్లు ఖర్చవుతున్నాయి, అందులో చాలా భాగం కాథోడుకే. నీళ్లతో చల్లార్చే ఏర్పాటు ఉందా?

మరొకరు:
పిరానీని నమ్మవద్దు. నైట్రోజన్‌కు క్రమాంకనం చేసిన గేజి ఆర్గాన్‌లో తక్కువ చూపిస్తుంది. లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (గ్లో లోపలి పరిస్థితిని కొలిచే సన్నని తీగ) పెట్టేటట్టయితే ఆనోడును భూమికి కలిపి, కాథోడుకు రుణ వోల్టేజి ఇవ్వండి. లేకపోతే మీటరు వందల వోల్టుల మీద తేలుతుంది.

ఎమ్మెస్సీ విద్యార్థి:
కెపాసిటర్ మార్చాను. చుక్కలు ఇంకా అప్పుడప్పుడు మెరుస్తున్నాయి, కానీ వాటంతట అవే ఆరిపోతున్నాయి. కాథోడుకు నీళ్ల ఏర్పాటు లేదు సార్, సోమవారం రాగి గొట్టం చుడతాను.