దిస్ ఓల్డ్ హౌస్: అందులో చూపించేది మన పాత ఇళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

లోగిలి:
దిస్ ఓల్డ్ హౌస్ చూసేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా. పాత ఇళ్ళని బాగుచెయ్యడం చూపించే అమెరికా టీవీ కార్యక్రమం అది, రస్సెల్ మొరాష్ 1979లో బోస్టన్‌లో మొదలుపెట్టాడు. తొలి సీజన్ మొత్తం డోర్‌చెస్టర్‌లోని ఒకే ఒక్క పాత ఇంటి మీద నడిచింది. అందులో చూపించే పనుల్లో మండువా లోగిళ్ళకి, పెంకుటిళ్ళకి, సీమ మిద్దెలకి పనికొచ్చేవేవి? చెక్క ఇళ్ళ ఊళ్ళో చెప్పిన పాఠం ఇటుక, సున్నం, టేకు ఇళ్ళకి ఎక్కడిదాకా సరిపోతుంది? బాగుంది, బాలేదు అని వదిలెయ్యకుండా ఏ పని, ఏ కొలత, ఎక్కడ చెడుతుంది అన్నది రాయండి.

కొలతబద్ద:
అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది పనుల వరస. అందులో కాంట్రాక్టరు టామ్ సిల్వా ఏ ఇంటికెళ్ళినా మొదట నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో చూస్తాడు. కప్పు, దోనె, ఇంటి చుట్టూ నేల వాలు, ఆ తర్వాత పునాది. ఇవి సరయ్యాకే గోడ, చెక్క, రంగు. మన దగ్గర ఇది పూర్తిగా తలకిందులు: గృహప్రవేశమో పెళ్ళో దగ్గర పడిందని ముందు రంగు వేసేస్తారు, వానాకాలం వచ్చాక కప్పు గుర్తొస్తుంది. ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి పది అడుగుల దూరంలో కనీసం ఆరు అంగుళాలు దిగాలి. ఈ వాలు అక్కడా ఇక్కడా ఒకటే. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, అరుగు మునిగి, వీధి నీళ్ళు గోడ అడుక్కి చేరుతున్నాయి. అలాంటి చోట గోడకి ఎంత ఖర్చుపెట్టినా వృథా. ముందు కాలవ తియ్యాలి.

నచ్చనిది ఒకటుంది. మాలు (ఇటుకల మధ్య పెట్టే, సున్నమో సిమెంటో ఇసుకతో కలిపిన ముద్ద) ఆరడానికి పట్టే రోజులు ఎపిసోడ్‌లో కనపడవు. పొద్దున మాలు పట్టించిన ఇటుకల మధ్య సందు, తర్వాతి సీన్‌లో ఎండిపోయి ఉంటుంది. చూసినవాళ్ళు మేస్త్రీని తొందరపెట్టేది అందుకే.

గానుగసున్నం:
ఇటుక సందుల పని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ కార్యక్రమంలో మనకి నేరుగా అతికే పాఠం ఇదే. అందులో తాపీ మేస్త్రీ మార్క్ మెకల్లో పాత ఇటుక గోడకి సున్నం ఎక్కువున్న మాలు వాడాలని చెప్పే మాట అక్షరాలా నిజం. పాత ఇటుక మెత్తనిది. దాని మధ్యలో సిమెంటు గట్టిగా కూర్చుంటే గోడలో చెమ్మ సందులోంచి బయటికి పోలేక ఇటుకలోంచి పోతుంది. పోతూ పోతూ ఉప్పుని ఇటుక ముఖం వెనకే వదిలేస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. చివరికి సిమెంటు గీతలు మాత్రం నిలబడి, మధ్యలో ఇటుకలు గుంటలు పడతాయి. అలాంటి గోడలు కోస్తా ఊళ్ళలో వీధికొకటి కనిపిస్తుంది.

పని ఇలా. సందులోని పాత మాలుని సందు వెడల్పుకి రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు దాకా తియ్యాలి. 10 మిల్లీమీటర్ల సందైతే 20 నుంచి 25 మిల్లీమీటర్లు. లోపలి అంచు చదరంగా ఉండాలి, వి ఆకారంలో వదిలితే కొత్త మాలు నిలవదు. ఉలి, చిన్న సుత్తి చాలు. గ్రైండర్ పెడితే నిలువు సందుల దగ్గర పైనా కిందా ఇటుకలు కోసుకుపోతాయి, ఆ గాటు మళ్ళీ పూడదు. దుమ్ము కడిగి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పని మొదలెట్టే ముందు ఒకసారి గోడ తడపాలి. నీళ్ళు కారుతూ ఉండకూడదు, అలాగని పొడిగానూ ఉండకూడదు.

సున్నం ఎంత, ఇసుక ఎంత అన్నది ఊహించక్కర్లేదు. బాగా ఎండిన ఇసుక ఒక లీటరు కొలిచి డబ్బాలో పొయ్యండి. కొలిచిన నీళ్ళు నెమ్మదిగా పోస్తూ, ఇసుక పైకి నీళ్ళు తేలగానే ఆపండి. మామూలు ఏటి ఇసుకకి 330 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుంది. అంటే ఇసుకలో ఖాళీ మూడో వంతు, ఆ ఖాళీని నింపేది సున్నం. ఒకటికి మూడు అన్న పాత లెక్క అక్కణ్ణుంచే వచ్చింది. ఇసుక మరీ ఒకే సైజు రేణువులదైతే నీళ్ళు ఎక్కువ పడతాయి, అప్పుడు సున్నమూ ఎక్కువ కావాలి. ఇసుకలో ఒండ్రు ఎంతుందో గాజు సీసాలో నీళ్ళు కలిపి ఊపి చూడండి. తేరుకున్నాక పైన పేరుకున్న పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాల్సిందే. సముద్రపు ఇసుక జోలికి పోవద్దు.

సున్నం మాత్రం రాతి సున్నం తెచ్చి నానబెట్టిందే. వారం కనీసం, నెల అయితే వెన్నలా వస్తుంది. నీళ్ళలో వేసేటప్పుడు మరుగుతుంది, చిందితే కళ్ళు పోతాయి, కాబట్టి కళ్ళని పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు తప్పనిసరి. నీళ్ళలోకి సున్నం వెయ్యాలి, సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు.

పట్టించేటప్పుడు ఒక్కసారే నింపెయ్యొద్దు. పొరకి 6 మిల్లీమీటర్లు. బొటనవేలితో నొక్కితే వేలి ముద్ర పడాలి, కానీ వేలు దిగకూడదు. అప్పుడే రెండో పొర. చివరి పొర కొంచెం బిగిశాక గట్టి బ్రష్షుతో పొడిచినట్టు కొడితే మీద పాలలాంటి పొర పోయి, సందు ఊపిరి పీలుస్తుంది. తర్వాత తడి గోనె సంచులు వేలాడదీసి వారం రోజులు ఎండకుండా చూడాలి. బోస్టన్ వాళ్ళ భయం చలి, 5 డిగ్రీల కిందికి పోతే వాళ్ళు పని ఆపేస్తారు. మన భయం ఎండ. పడమటి గోడ మీద ఏప్రిల్, మే నెలల్లో సున్నం పని పెట్టుకోవద్దు. సున్నం గాలి తీసుకుని గట్టిపడేలోపే నీళ్ళు ఇగిరిపోయి పొడి అయిపోతుంది. వేలితో గీకితే రాలుతుంది. మేస్త్రీలు సున్నం మంచిది కాదంటారు గానీ తప్పు ఎండది.

లోగిలి:
గానుగసున్నం గారూ, ఇప్పటికే సిమెంటు పట్టించేసిన గోడ సంగతేంటి? మొత్తం తీసెయ్యాలా?

గానుగసున్నం:
తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే, లేదా అంచులో బీట కనిపిస్తే తీసెయ్యొచ్చు, సులువుగా వస్తుంది. ఇటుకని గట్టిగా పట్టుకుని ఉంటే వదిలెయ్యండి. లాగితే ఇటుక అంచులు ఊడొస్తాయి, నష్టం ఎక్కువ. గోడ అడుగున మూడు నాలుగు అడుగులు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తారే చెమ్మ ఆగుతుందని, దాన్ని మాత్రం తియ్యాలి. చెమ్మ ఆగదు, ఆ ప్లాస్టరింగ్ దాటి ఇంకా పైకెక్కుతుంది. తీశాక వెంటనే గచ్చు (సున్నపు పూత) వెయ్యకూడదు. అంగుళం మందానికి నెల అన్న మోటు లెక్క ఉంది, రెండు వైపులా విప్పిన 18 అంగుళాల గోడకి తొమ్మిది నెలలు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్ళి చూడండి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో, గత శతాబ్దంలో పూసిన సిమెంటు ఊడదీసి సున్నం గచ్చు తిరిగి వేశారు. ఆ నునుపు దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది.

టేకుదూలం:
చెక్క పనికొస్తే వడ్రంగి నార్మ్ అబ్రమ్ ఉన్న పాత సీజన్లే చూడండి. కుళ్ళిన ముక్కనే కోసి కొత్తది అతికించే పద్ధతి మన ద్వారబంధాలకి బాగా సరిపోతుంది. మన ద్వారబంధం కాలు నేలలోకి దిగి ఉంటుంది, చెడేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే మంచి చెక్కలో పావు అంగుళం కూడా దిగదు. మెత్తదనం ఆగిన చోటు నుంచి ఇంకో రెండు అంగుళాలు పైకి కొయ్యాలి. అతుకు ఏటవాలుగా, చెక్క మందానికి మూడు రెట్ల పొడవుతో తియ్యాలి. వాలు బయటివైపుకే ఉండాలి. లోపలికి ఉంటే నీళ్ళు అతుకులో నిలబడి మళ్ళీ అదే కథ. కొత్త కాలు అడుగు కోతకి నూనె బాగా తాగించి రాతి దిమ్మ మీద నిలబెట్టండి, మట్టిలో కాదు.

ఒక తేడా గుర్తుంచుకోండి. వాళ్ళు పైన్, దేవదారు చెక్కకి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పూసేస్తారు. టేకులో నూనె ఉంటుంది, అలాగే పూస్తే ఏడాదిలో పొరగా ఊడుతుంది. అతికించే ముందు కోసిన ముఖాన్ని అసిటోన్‌తో (నూనెని కరిగించే ద్రవం) తుడిచి, ఆరగానే అంటించాలి. మర్నాటికి ఆగితే నూనె మళ్ళీ పైకొస్తుంది. మేకులు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి చెక్కని చీలుస్తుంది.

దిగిన స్తంభాన్ని జాకీతో ఎత్తే పని టీవీలో చూస్తే చాలా తేలికనిపిస్తుంది. రోజుకి 3 మిల్లీమీటర్లు, అంతే. జాకీ కింద మందపాటి చెక్క పలక వేసి బరువు నేల మీద పరచాలి, పక్కనే ఒక ఆసరా స్తంభం ఎప్పుడూ ఉండాలి. తొందరపడితే దూలం లేస్తుంది గానీ దాని మీది దంతెలు, వాసాలు అతుకుల దగ్గర విడిపోతాయి, పెంకులు జారతాయి.

చెదల మందు గురించి అడుగుతారు కాబట్టి: గోడ, నేల కలిసే చోట 300 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి పోస్తారు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. లోగిలిలో నూతి దగ్గర మాత్రం పొయ్యొద్దు, అది నీళ్ళలోకే దిగుతుంది.

మసాచుసెట్స్:
అమెరికాలో ఉండి ఆ కార్యక్రమం చూసి ఊళ్ళో ఇంటికి సలహాలు పంపేవాళ్ళకి రెండు మాటలు. మొదటిది ఇన్సులేషన్, అంటే వేడి, చలి గోడ దాటకుండా ఆపే ఏర్పాటు. అక్కడ గోడల్లోకి ఘనపుటడుగుకి మూడున్నర పౌండ్లు పట్టేలా సెల్యులోజ్ (కాగితపు పీచు) దట్టిస్తారు, చల్లటి చోట్ల గోడ లోపలివైపు తడి ఆవిరి ఆపే పొర పెడతారు. శీతాకాలంలో ఇంట్లో వెచ్చటి తేమగాలి బయటి చల్లదనం వైపు పోతుంది గనక. విజయవాడలో ఏసీ పెట్టిన గదికి ఇది తలకిందులు: తేమ బయటి నుంచి లోపలికొస్తుంది. లోపల ప్లాస్టిక్ షీటు పరిస్తే నీళ్ళు సరిగ్గా దాని వెనక చేరి గోడంతా బూజు. ఆ ఎపిసోడ్ ఇక్కడికి పనికిరాదు.

రెండోది సీసం రంగు, ఇది పూర్తిగా పనికొస్తుంది. అమెరికాలో 1978లో ఇళ్ళ రంగుల్లో సీసం ఆపారు. అంతకుముందు కట్టిన ఇల్లైతే పిల్లల్ని దూరంగా ఉంచి, నేల మీద షీటు పరిచి, సన్న దుమ్ము పట్టే వాక్యూమ్‌తో పని చేస్తారు. మన దేశంలో రంగులో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. కాబట్టి పాత తలుపుల మీది పచ్చ, నీలం ఎనామెల్ పొరల్లో సీసం ఉందనే అనుకోండి. పొడి గరుకు కాగితంతో రుద్దించొద్దు. తడిపి రుద్దండి, తుడిచిన గుడ్డలు పారెయ్యండి, ఆ రోజు ఇంట్లో చీపురు పట్టొద్దు.

కొలతబద్ద:
టేకుదూలం గారి మాటతో ఒక చోట ఏకీభవించను. పాత సీజన్లన్నీ మంచివి, కొత్తవన్నీ ధనవంతుల ఇళ్ళే అన్న మాట వింటూ ఉంటాం. రెండో సీజనే న్యూటన్‌లోని బిగెలో భవనం, ఆర్కిటెక్ట్ హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ గీసిన పెద్ద ఇల్లు, దాన్ని ఫ్లాట్లుగా మార్చారు. మొదటి నుంచీ రెండు రకాలూ ఉన్నాయి. వ్యాఖ్యాతగా కెవిన్ ఓకానర్ 2003లో వచ్చాక అడిగే ప్రశ్నలు ఇంటి యజమాని అడిగేవిలా ఉంటాయి, కొత్తగా చూసేవాళ్ళకి అది మేలు. చిన్న చిన్న మరమ్మతులకైతే 2002లో మొదలైన ఆస్క్ దిస్ ఓల్డ్ హౌస్ ఇంకా నయం, ఒక్కో పని విడిగా, పనిముట్లతో సహా చూపిస్తారు.

టేకుదూలం:
ఒప్పుకుంటాను. చెక్క వరకే పాతవి అన్నాను. ప్లంబింగ్‌కి రిచర్డ్ ట్రెథెవే చెప్పేది ఏ సీజన్‌దైనా వినదగ్గదే.

లోగిలి:
చాలా ఉపయోగపడ్డాయి. మండువా కప్పులో రెండు వాలులు కలిసే మూల ఒక్కటి మిగిలింది. అక్కడే కారుతుంది ఎప్పుడూ.

కొలతబద్ద:
కప్పు మీది మంచు కరిగిన నీళ్ళు లోపలికి దిగకుండా వాళ్ళు వేసే పొరలు మనకి అక్కర్లేదు, రేకు వేసే తీరు తీసుకోండి. రేకు ఒక్కో వైపు పెంకుల కిందికి కనీసం తొమ్మిది అంగుళాలు పోవాలి, అంచులు పైకి మడవాలి. రెండు వైపుల పెంకుల మధ్య నాలుగు అంగుళాల దారి వదలండి, ఆకులు కొట్టుకుపోవాలి. పెంకు అంచుని రేకుకి సిమెంటుతో అతికించేస్తారు, అదే పొరపాటు. ఎండకి రేకు సాగుతుంది, సిమెంటు బీటలిస్తుంది, ఆ బీటలో ఆకు ఇరుక్కుని నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. రేకు అడుగున మేకు కొట్టొద్దు, అంచు మడతకే పట్టించండి. బెంగుళూరు పెంకులు చదరపు మీటరుకి సుమారు 15 పడతాయి. వందకి పది అదనంగా తెచ్చి, ఒక్కొక్కటీ వేలితో తట్టి, ఖణీమని మోగనిది పక్కన పెట్టండి.