మకావు క్యాసినోల్లో విదేశీ ఆటగాళ్ల నుంచి వచ్చే రాబడిని విడిగా ఎలా లెక్కిస్తారు?

చైనాలోని మకావులో క్యాసినోలు స్థూల రాబడిపై (పందేల్లోంచి గెలుపులు చెల్లించాక మిగిలినదానిపై) 35% పన్ను, పైన మరో 5% చెల్లింపులు కడతాయి. జపాన్‌లోని ఒసాకాలో 2030కి తెరవాలనుకుంటున్న క్యాసినో రిసార్టుకు ఇది 30%. సింగపూర్‌లో పెద్ద పందేల మీద ఇంకా తక్కువ. కాబట్టి విదేశీ అతిథికి గది, భోజనం, విమాన టికెట్టు ఉచితంగా ఇవ్వడానికి మకావు దగ్గర మిగిలేది తక్కువే. అందుకే 2022 చట్టం విదేశీ ఆటగాళ్లను తెచ్చే క్యాసినోలకు ఆ 5% తగ్గించే వీలు కల్పించింది. మంచి ఆలోచనే, చిక్కంతా లెక్కలో ఉంది.

టేబుల్ రాబడి మనిషివారీగా రాదు. టేబుల్‌కున్న డబ్బాలో పడిన నగదుకు ముగింపు చిప్స్ (పందెం బిళ్లలు), వెనక్కి పంపిన చిప్స్ కలిపి, ప్రారంభ చిప్స్, మధ్యలో తెప్పించిన చిప్స్ తీసేస్తారు. విదేశీ ఆటగాడి పక్కన, విదేశీయుడిగా లెక్కకు రాని చైనా ప్రధాన భూభాగపు స్నేహితుడు కూర్చుంటే ఇద్దరి ఆటా కలిసిపోతుంది. ప్రత్యేక గది, ప్రత్యేక చిప్స్ పెట్టినా, ఆ చిప్స్ చేతులు మారితే?

ఇంకొకటి: బకారా అనే పేకాటలో ‘బ్యాంకర్’ వైపు కాసే పందెంపై సగటున క్యాసినోకి మిగిలేది సుమారు 1.06% మాత్రమే. కొద్దిమంది ఆటగాళ్లతో నెల రాబడి విపరీతంగా ఊగుతుంది. మరి రాయితీ లెక్కకు అసలు గెలుపు తీసుకుంటారా, పందేల మొత్తంపై సగటు శాతమా? నష్టం వచ్చిన నెలను తర్వాతి నెలకు మోస్తారా? క్యాసినో క్యాషియర్ విభాగంలోనో ఆడిట్‌లోనో పనిచేసినవారు వివరించగలరు.