ఈ వారం సమస్య (ఇది చివరి పాదం; ముందు మూడు పాదాలు రాసి, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి): శూన్యమందున పేలుడు సోకెఁ జెవుల

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు): ఛందస్సు తేటగీతి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు), నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఓడ పేలగానే ఢామ్మని వినబడుతుంది కదా, అంతరిక్షంలో ఆ శబ్దాన్ని మోసే గాలే లేదు. గణాలు ఎంత సరిపోవాలో భౌతికశాస్త్రమూ అంతే సరిపోవాలి.

గోదావరి గట్టు:

పెద్ద తెరవెన్క నున్నట్టి పెట్టె లదర
సీటు పట్టుకు కూర్చున్న చిన్నవాఁడు
ఉలికిపడి లేచె నమ్మతో నొక్కసారి
శూన్యమందున పేలుడు సోకెఁ జెవుల

పృచ్ఛకుడు: ధార బాగుంది, రెండో పాదం కళ్ళకు కట్టింది. కానీ శూన్యం తెరమీద ఉంది, చప్పుడు హాల్లో ఉంది, సమస్య మాత్రం అలాగే మిగిలింది. 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో వ్యోమగామి హెల్మెట్ లేకుండా ఓడ ప్రవేశపు గదైన ఎయిర్‌లాక్‌లోకి దూకినప్పుడు గాలి నిండేదాకా చప్పుడే ఉండదు, ఆ నిశ్శబ్దానికే ఊపిరి బిగబట్టి చూస్తాం. అంటే హాల్లో స్పీకర్ పెట్టెలు అదరకపోయినా టెన్షన్ పుడుతుంది.

కొత్త కలం:

క్వాంటముల నాద యంత్రమ్ము కదలినంత
ప్లాస్మ కవచమ్ము టాకియాన్ ఫలక మగుచు
వార్పు తరగలు విరియఁగా వరుసతోడ
శూన్యమందున పేలుడు సోకెఁ జెవుల

పృచ్ఛకుడు: యతులు ఎక్కడా తప్పలేదు తమ్ముడూ, అందుకు మెచ్చుకోవాలి. మాటలే పనిచేయడం లేదు. ప్లాస్మా నిజంగా ఉంది, టాకియాన్ అనే కాంతికన్నా వేగమైన కణం ఊహ మాత్రమే, ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి శబ్దం ఎలా వచ్చిందో చెప్పకుండా దాటేశావు. శ్రీహరికోట ప్రయోగం లైవ్‌లో విను, "పెర్ఫార్మెన్స్ నార్మల్" అంటారు, అంతే. పనిలో ఉన్నవాళ్ళ మాట పొట్టిగా ఉంటుంది, దాని వెనక ఒక కొలత ఉంటుంది. సినిమా రాసేవాళ్ళు పట్టుకోవలసింది అదే.

రాత్రి షిఫ్టు:

ఓడ గోడకు హెల్మెటు నొత్తి యున్న
గగనయాత్రికు నా లోహ కంపనమున
గాలి లేకున్న నేమి? యా గట్టి దారి
శూన్యమందున పేలుడు సోకెఁ జెవుల

పృచ్ఛకుడు: ఇదండీ పూరణ! గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, అల్యూమినియంలో 6 కిలోమీటర్లకు పైగా పోతుంది. గోడ నుంచి హెల్మెట్ చిప్పకు, అక్కడి నుంచి సూట్ లోపలి ఆక్సిజన్‌కు, దాని నుంచి చెవికి, దారి ఎక్కడా తెగలేదు. 2013లో వచ్చిన 'గ్రావిటీ' చప్పుళ్ళు కూడా చాలావరకు ఈ స్పర్శ మీదే నడిచాయి.

గోదావరి గట్టు: పేలుడు ఎక్కడ జరిగిందో చెప్పలేదు కదా మాస్టారూ? పక్క ఓడలో జరిగితే ఈ గోడ ఎందుకు కంపిస్తుంది?

పృచ్ఛకుడు: న్యాయమైన ప్రశ్న. అదే ఓడలో అని ఒక్క మాట పడి ఉంటే పద్యానికి తిరుగుండేది కాదు.

ఇసుకతిన్నె:

ఇసుక దిబ్బల మధ్యలో నెండలోన
మైకు చేపట్టి నిలిచిన మనిషి వినఁగ
దర్శకుఁడు చేయి యూపఁగా దవ్వున జన
శూన్యమందున పేలుడు సోకెఁ జెవుల

కొత్త కలం: జనశూన్యం! మూడో పాదం చివర విరిచేశారు!

పృచ్ఛకుడు: అచ్చమైన అవధాని విరుపు. సినిమాకి చప్పుడు ఎక్కడ పుడుతుందో కూడా చూపించారు. ఒక్కటే లోటు. దవ్వున అన్నారు, కిలోమీటరు దూరమనుకుంటే వెలుగు ముందు కనబడి, మోత దాదాపు 3 సెకన్లకు వస్తుంది. సినిమాలు సాధారణంగా రెంటినీ కలిపేస్తాయి, నేల మీది పేలుళ్ళలో కూడా. మనం కలపొద్దు. మొదటి పాదం ఇలా మారిస్తే?

మెఱుపు మెఱసిన పిమ్మట మెల్లగాను

ఇసుకతిన్నె: తీసుకుంటున్నానండి. జనశూన్యం అన్నాక ఇసుక దిబ్బలు లేకపోయినా నడుస్తుంది.